రక్తానికి మొప్పలుంటాయా?

ఒకే ఒక్క పోలికతో ఆడవాళ్ల వార్డు మొత్తం తిరగబడేలా చేసిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు పెద్దలు. నా నోటి వల్ల ఊరికేం కాలేదు కానీ, కాకినాడలో ఓ ఆసుపత్రి అల్లకల్లోలమైపోయింది.

అప్పట్లో నేను పరిశోధన చేస్తున్నాను. నిల్వ చేసిన రక్తంలో ఎర్రకణాలు చితికిపోతే, వాటిలోంచి కారేది మన ఒంటికి కాపలా కాసే తెల్లకణాలను ఏం చేస్తుందో చూడటం నా పని. మా ఇంట్లో అంతదాకా చదివింది నేనొక్కణ్ణే. అందుకని ఎవరు దొరికితే వాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి. పాలబ్బాయి కూడా మా గుమ్మం దగ్గర పాలు పెట్టి పరుగెత్తేవాడు.

మా పిన్ని హార్బరు దగ్గర చేపలమ్ముతుంది. గర్భసంచి ఆపరేషనుకి ఆసుపత్రిలో చేరింది. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందని, అది ఎక్కిస్తే గానీ ఆపరేషను చెయ్యనని డాక్టరమ్మ చెప్పారు. పాలిపోయిన పిన్ని మొహం చూస్తే నాకు లోపల దడగానే ఉంది. ఆ దడ బయటపడకుండా చదువు బయటపెట్టాను.

"ఏంట్రా, సిస్టరుగారు తెచ్చిన ఆ సంచిలో రక్తం మంచిదేనా?" అంది పిన్ని.

"మంచిదే పిన్నీ" అని ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు.

"నిల్వ ఉండేకొద్దీ ఎర్రకణాలు పగిలిపోతాయి పిన్నీ. లోపలున్న ఇనుమూ అదీ బయటికొస్తుంది. అది తగిలితే తెల్లకణాల్లో కొన్ని రెచ్చిపోతాయి, కొన్ని మత్తుగా పడుకుంటాయి."

"నాకర్థమయ్యేలా చెప్పరా."

"ఐసులో పెట్టిన చేపలాగే అనుకో. రోజులు గడిచేకొద్దీ..."

చేపలమ్మే మనిషికి చేప పోలికండి! పిన్ని దిగ్గున లేచి కూర్చుంది.

"సిస్టరుగారూ! ఎప్పటి సరుకండి అది?"

"పోయిన వారందమ్మా. ఏం కాదు, ఇంకా బోల్డు గడువుంది."

"వారం నాటి చేప నేను పిల్లికి కూడా వెయ్యను! ఏదీ, మొప్పలెత్తి చూపించండి!"

"రక్తానికి మొప్పలేంటమ్మా?"

"మరి తాజాదని ఎలా నమ్మేది?"

మంచం పక్కనే కూర్చున్న బాబాయి ఫోను తీశాడు. కాసేపటికి రెండు ఆటోల నిండా పడవల మీద పనిచేసే వాళ్లు దిగారు, చొక్కా చేతులు మడిచి. "మా వదినకి మాది వేడివేడిగా పట్టుకోండి!" అని వరండాలో ఒకటే కేకలు. పక్క మంచం మీది రామచంద్రపురం ఆవిడ "ఆయ్, నాకూ తాజాదే కావాలండి" అంది. ఆ పక్కావిడ సెలైను సీసా ఎప్పటిదో చెప్పమని పట్టుబట్టింది.

డాక్టరమ్మ వచ్చారు. "ఎవరండీ ఇదంతా చెప్పింది?"

వార్డులో వేళ్లన్నీ నావైపు లేచాయి, సూదులు గుచ్చిన చేతులతో సహా.

"నువ్వు గాజు గిన్నెలో చూసేది వేరు, ఒంట్లో జరిగేది వేరయ్యా" అన్నారావిడ. "ఆ చెత్తని చాలావరకు కాలేయం, ప్లీహం ఊడ్చేస్తాయి. గడువులోపలి రక్తం పాతదైనా కొత్తదైనా రోగులకి తేడా కనపడలేదు. పరీక్షలు చెయ్యకుండా ఆ వరండాలో వాళ్లది నేను ఎక్కించను. ఈవిడ ఒప్పుకోకపోతే ఆపరేషను ఆగిపోతుంది. చెడగొట్టింది నువ్వేగా, నువ్వే ఒప్పించు."

బతిమాలాను. కాళ్లు పట్టుకున్నాను. పిన్ని గోడవైపు తిరిగి పడుకుంది. పిన్నికి ఏమన్నా అయితే అది నా నోటి వల్లేనని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు రామచంద్రపురం ఆవిడ మెల్లగా అడిగింది. "ఏమ్మా, మా మనవడి పుట్టినరోజుకి వంజరం చేప నీ దగ్గరే కదా కొన్నాం? ఐసులోదే ఇచ్చావు. అయితే అది ముక్కిపోయిన సరుకేనన్నమాట!"

పిన్ని గిర్రున ఇటు తిరిగింది. "నా సరుక్కి వంక పెడతారా? ఐసు సరిగ్గా వేస్తే చేప రాయిలా ఉంటుందండి!"

"మరి రక్తమో?" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

పిన్ని వార్డంతా ఓసారి కలయజూసింది. వార్డులో సగంమంది ఆవిడ దగ్గర చేపలు కొనేవాళ్లే.

"ఎక్కించండి సిస్టరుగారూ! ఐసులోదానికి ఏ దోషమూ లేదు. అందరూ చూడండి!"

ఎక్కించారు. అందరూ చూశారు. ఆపరేషను చక్కగా జరిగింది. ఆటోల్లో వచ్చినవాళ్లు మడిచిన చేతులు విప్పడమెందుకని రక్తమిచ్చి మరీ వెళ్లారు. అదీ ఫ్రిజ్జులోకే పోయింది.

ఇప్పుడు హార్బరులో పిన్ని కేక ఇది: "నా ఒంట్లో పారేదే ఐసు సరుకండి! ఎలా ఉన్నానో చూసి కొనుక్కోండి!" నేను వెళితే మాత్రం, "ఇదంతా ఐసులోది నాన్నా, నీ తెల్లకణాలు మత్తుగా పడుకుంటాయేమో" అని చేప తలకాయ ఒక్కటే చేతిలో పెడుతుంది.

అందుకే ఆ తలకాయ పులుసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చేపలమ్మేవాళ్ల ముందు ఈ జన్మలో దేన్నీ చేపతో పోల్చను. రొయ్యతో కూడా పోల్చను.