మైకు సిస్టర్ గొంతు తగ్గించిన రోజు

మానసిక చికిత్స వార్డులో ఆవిడ అసలు పేరు హాజరు వేసేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ మైకు సిస్టరే. ఈ చివర నుంచి "మాత్రలేసుకున్నారా?" అంటే ఆ చివర నిద్రపోతున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి "ఆ, వేసుకున్నాం" అనేవారు. నోరు అంత పెద్దదైనా 'ఏడవకండి' అన్న మాట మాత్రం ఆ నోట ఎవరూ వినలేదు. ఏడ్చేవాళ్ళ పక్కన కుర్చీ లాక్కుని దిండు గలీబులు మడతపెడుతూ కూర్చునేది. మడతలు అయిపోతే విప్పి మళ్ళీ మొదలుపెట్టేది.

టైలరు మాస్టారు భార్య పోయాక తిండీ మాటా మానేసి ఆ వార్డుకి వచ్చాడు. ఆయన ఏడవకపోయినా పక్కన ఆవిడ మడిచిన గలీబులకి లెక్కలేదు. ఓ పొద్దున ఆయన గడ్డం గీసుకుని, కడుపునిండా తిని, నవ్వుతూ కనిపించేసరికి ఆవిడ సంబరం అంతా ఇంతా కాదు. డాక్టరుగారు ఇంటికి పంపుదామన్నారు. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళమని కూతురికి ఫోను చేసింది కూడా ఆవిడే.

మధ్యాహ్నం పక్కమంచం పెద్దాయన మెడలో మాస్టారి మఫ్లరు కనిపించింది.

"ఇచ్చేశాడమ్మా, ఇక నాకెందుకన్నాడు," అన్నాడు పెద్దాయన.

ఎదురుమంచం ఆయన చేతికి మాస్టారి వాచీ ఉంది. మైకు సిస్టర్‌కి విషయం అర్థమైంది. ఇంటికెళ్ళేవాడు వస్తువులు సర్దుకుంటాడు గానీ పంచిపెట్టడు. పొద్దుటి నవ్వు చూసి మురిసిపోయినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

మాస్టారి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. గొంతు బాగా తగ్గించి, డొంకతిరుగుడు లేకుండా అడిగింది. "మాస్టారూ, చచ్చిపోవాలనుకుంటున్నారా?"

ఆ మాట పైకి అంటే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామందికి భయం. ఈ పనిలో ఉన్నవాళ్ళు మాత్రం అడిగి తీరాలి.

ఆయన తన చేతులకేసి చూసుకుని, అవునన్నట్టు తలూపాడు. "అమ్మాయికి చెప్పకు తల్లీ. బెంగపెట్టుకుంటుంది."

"చెప్పాలండీ. మీరే చెప్పండి. నేను పక్కనే ఉంటా."

డాక్టరుగారికి కబురు పంపింది, ప్రయాణం ఆగింది. ఆవిడ మాత్రం ఆయన్ని వదిలి కదల్లేదు.

సాయంత్రం కూతురు ఖాళీ సంచితో హుషారుగా వచ్చింది. "నాన్నా, నీ మిషను కిటికీ దగ్గరికి జరిపించా, వెలుతురు బాగుంటుంది," అంటూ బట్టలు సర్దబోయింది. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సాయం చెయ్యమన్నట్టు సిస్టర్ వైపు చూశాడు. ఆవిడ మాట అందించకుండా ఓపిక పట్టింది. అలాంటి నోటికి అదెంత కష్టమో ఆవిడకే తెలియాలి.

"నాకు బతకాలని లేదే అమ్మా," అన్నాడాయన చివరికి. "ఇప్పుడే ఇంటికి రాలేను."

కూతురు సంచి కింద పెట్టి, ఆయన పక్కన కూర్చుంది.

"అయితే రావద్దులే నాన్నా. నేనే వస్తా, రోజూ."

మాస్టారు అప్పుడు భోరుమన్నాడు. భార్య పోయాక అదే మొదటిసారి.