వానకు అడ్డం పెట్టిన చేను

తాండూరు దగ్గర నేను కౌలుకు తీసుకున్న కంది మడి ఊళ్లో పెద్ద నవ్వులాట అయింది. అందరూ వాన కోసం ఆకాశం చూస్తుంటే, నేను వాన పడకుండా మడి మీద ప్లాస్టిక్ కప్పు వేయించాను. మబ్బు పట్టగానే తాడుతో లాగాలి, వెలిశాక చుట్టాలి.

నా పరిశోధనలో నాకు తెలియాల్సింది ఒక్కటే. దాహంతో పెరిగిన కంది ఆ దాహాన్ని తన పిల్లలకు చెబుతుందా? కరువొస్తే జన్యువులు మారిపోవు. ఏది పనిచేయాలో ఏది ఊరుకోవాలో చెప్పే గుర్తులు వాటి మీద ఉంటాయి, మారేవి అవి. ఆ గుర్తులు విత్తనంలోకి దిగుతాయో లేదో చూడాలంటే తరం తర్వాత తరం ఎండగట్టాలి. మధ్యలో ఒక్కటి తడిసినా మొదటికొస్తుంది. మూడు తరాలు దాటించాను.

నేనుండేది వికారాబాద్‌లో. అందుకే కప్పు లాగే పని పక్క చేను చాచాకు అప్పజెప్పాను. నాలుగో పంట పూత మీదుండగా వాన దంచికొట్టింది. పొద్దున్నే రైలు దిగి వెళ్తే కప్పు చుట్టినట్టే ఉంది. మొక్కలు నిగనిగలాడుతున్నాయి.

"లాగలేదా చాచా?"

"తాడు పట్టుకున్న బేటీ. చేతులు రాలే. అల్లా ఇచ్చే నీళ్లకు అడ్డం పడితే గునా గాదా, పాపం తగలదా?"

నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన తలవంచుకుని విన్నాడు.

ఇక చాలించమన్నారు ఇంట్లో. చాలించడం నాకు చేతకాదు. మా అమ్మ విత్తనం ఎప్పుడూ మొత్తం చల్లేది కాదు. నేనూ మూడో తరం గింజలు కొన్ని బూడిద కలిపి దాచాను. మరుసటి వానాకాలం అవే వేశాను. తాడు మళ్లీ చాచాకే ఇచ్చాను. ఆ మొక్కల గురించి నా అంత ఫికర్ పడేది ఆయనొక్కడే.

"చాచా, ఇయ్యాల వీటిని జూసి జాలిపడ్తవు. రేపు కరువుల వీటి పిల్లలను ఎవరు జూస్తరు?" అన్నాను.

మళ్లీ పూత వేళకు మబ్బులు కమ్మాయి. నేనింకా రైల్లోనే ఉన్నాను. కిటికీ మీద చినుకులు పడుతున్నాయి. స్టేషన్‌లో దిగి ఆటో పట్టుకుని వెళ్లాను.

కప్పు లాగి ఉంది. కింద నేల పొడిగా ఉంది. బయట చాచా నిలువునా తడుస్తూ, తాడు చేతికి చుట్టుకుని, మొక్కలతో మాట్లాడుతున్నాడు.

"మాఫ్ చెయ్యుండ్రి బిడ్డా. జర ఓర్చుకోండ్రి."

గాలికి కప్పు అవతలి అంచు లేస్తోంది. గొడుగు కింద పడేసి ఆ వైపు తాడు నేను పట్టుకున్నాను.