పెకాన్ తోటలో కాకుల లెక్క

నా చిన్నప్పుడు మేం అమెరికాలో జార్జియా రాష్ట్రం దక్షిణాన, ఒక పెకాన్ తోట అంచున అద్దెకుండేవాళ్ళం. మా నాన్నగారికి అక్కడి వ్యవసాయ కళాశాలలో నేలల మీద పరిశోధన చేసే ఉద్యోగం. నా తొమ్మిదో ఏట అమ్మా నేనూ గుంటూరు నుంచి ఆయన దగ్గరికి వచ్చాం. ఆ చుట్టుపక్కల తెలుగు వినపడే ఇల్లు మాదొక్కటే. ఇప్పుడు ఇదే రాష్ట్రంలో నేనుంటున్న కమ్మింగ్‌లో మా వీధిలోనే నాలుగు తెలుగు కుటుంబాలున్నాయి. ఆనాటి నిశ్శబ్దం ఎలా ఉండేదో మా మనవరాలికి ఎంత చెప్పినా అర్థం కాదు.

మా ఇంటి యజమాని డెబ్బై దాటిన రైతు. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. పెకాన్ అంటే అక్రోటుకు దగ్గరి చుట్టంలాంటి గింజ. ఆ తోటా, దాని పక్కనున్న వేరుశనగ చేనూ ఆయన జీవనాధారం. పెద్దాయన్ని పేరు పెట్టి పిలవకూడదని అమ్మ నా చేత 'తాతయ్యా' అనిపించింది. ఆ మాటకు అర్థం చెప్పిన రోజున ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆ మాటను రెండుసార్లు తానే పలికి చూసుకున్నారు. తర్వాత ఎప్పుడు కనపడినా నేను అలా పిలిచేదాకా ఆగి, అప్పుడు పలికేవారు.

అన్నానికి కూర్చునేముందు ఒక ముద్ద తీసి కాకులకు పెట్టడం అమ్మ అలవాటు. దేశం మారినా ఆవిడ దాన్ని మానలేదు. వెనక వరండా చెక్క మీద ముద్ద పెట్టి పక్కకు తప్పుకునేది. మొదట్లో అక్కడి కాకులు అనుమానపడి దూరంగా అరిచేవి. నెల తిరిగేసరికి అమ్మ తలుపు తీయకముందే వచ్చి కూర్చునేవి. ఒక ఆదివారం తాతయ్య అది చూశారు.

"హనీ, మీ అమ్మ నా శత్రువులకు భోజనాలు పెడుతోందని చెప్పు," అన్నారు నవ్వుతూ.

నేను తెలుగులో చెప్పాను. "శత్రువులేంటి నా మొహం, చుట్టాలని చెప్పవే," అంది అమ్మ.

అదీ చెప్పాను. ఆయన పడీపడీ నవ్వారు. మేమూ నవ్వాం.

ఆ మర్నాడే ఆయన నాకొక అట్టపుస్తకం, రెండు పెన్సిళ్ళు తెచ్చిచ్చారు. పొద్దున్న బస్సు వచ్చేలోగా, సాయంత్రం బడి నుంచి వచ్చాక, పక్షుల్ని చూసి రాయమన్నారు. ఎన్ని గంటలకు వచ్చాయి, ఎటువైపు నుంచి వచ్చాయి, ఎన్ని ఉన్నాయి, మొదట ఎక్కడ వాలాయి. కాకులకొక గడి, పావురాలకొక గడి తానే గీసిచ్చారు. శనివారం శనివారం వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, వరండా మెట్ల మీద కూర్చుని నేను రాసిందంతా చదివేవారు. తప్పుగా రాసిన స్పెల్లింగులను పట్టించుకునేవారు కాదు. గంటలు మాత్రం రెండుసార్లు అడిగేవారు.

కొత్త దేశంలో, సరిగా రాని భాషలో, నేను రాసినదాన్ని ఒక పెద్దమనిషి అంత శ్రద్ధగా చదవడం నాకెంత గొప్పగా ఉండేదో చెప్పలేను. బడిలో నన్ను ఎవరూ ఏదీ అడిగేవాళ్ళు కాదు. అందుకని ఆయన కోసం మరింత జాగ్రత్తగా చూసేదాన్ని. వేరుశనగ తీసేసిన చేలో రాలిన కాయల కోసం పావురాలు ఎండెక్కాక దిగేవి. కాకులు తెల్లవారుతూనే తూర్పు నుంచి వచ్చేవి. అన్నీ ఒక్కసారి వాలేవి కావు. ముందు ఒక్క కాకి వచ్చి, పిడుగు పడి ఎండిపోయిన పెకాన్ చెట్టు చిటారుకొమ్మ మీద కూర్చుని నాలుగు దిక్కులూ చూసేది. అది కుదురుగా ఉంటే మిగతావి దిగేవి. ఈ సంగతి కనిపెట్టింది నేనే. అది రాసిన శనివారం తాతయ్య నా భుజం తట్టి, "ఇన్నేళ్ళలో నాకే తెలియలేదు," అన్నారు. ఆ రాత్రి నాకు సంతోషంతో అన్నం సయించలేదు.

పెకాన్లు రాలే రోజులొచ్చాయి. ఒక శుక్రవారం ఆయన వచ్చి, రేపు పొద్దున్నే పక్షుల్ని దగ్గరగా చూపిస్తాను, వస్తావా అని అడిగారు. నాన్నగారు వెళ్ళమన్నారు. మసక చీకట్లో ఆయన వెంట నడిచాను. చేను గట్టున ఒక వల కట్టి, దానికి పెకాన్ రెమ్మలు గుచ్చి చిన్న గుడిసెలా చేశారు. లోపల ఇద్దరం రెండు బోర్లించిన బకెట్ల మీద కూర్చున్నాం. ఆయన పక్కన దుప్పటిలో చుట్టిన పొడుగాటి వస్తువేదో ఉంది. నాకు కాస్త దూది ఇచ్చి చెవుల్లో పెట్టుకోమన్నారు. చలికాలం మా అమ్మ కూడా అలాగే పెట్టేది. నేను జలుబు చేస్తుందని ఇచ్చారనుకుని పెట్టుకున్నాను.

వెలుతురు రాగానే చేలో పావురాలు కనిపించాయి. అన్నీ గాలికి ఎదురుగా తిరిగి ఉన్నాయి, మధ్యలో కొంచెం నేల ఖాళీగా ఉంది. ఒక్కటీ తల ఎత్తదు, ఒక్కటీ గింజ ముట్టదు. ఇంత పొద్దున్నే ఎలా వచ్చాయా అనుకున్నాను, నా పుస్తకం ప్రకారం అది వాటి వేళ కాదు మరి. కళ్ళు చిట్లించి చూస్తే అవి ఎరగా పెట్టిన చెక్క బొమ్మలు. అప్పుడు తల పైకెత్తి ఎండిన చెట్టు చూశాను. నేను రాసిన కొమ్మ మీద, నేను రాసినట్టే, ఒక కాకి కుదురుగా కూర్చుని ఉంది. అదీ చెక్కదే.

తూర్పు నుంచి కాకులు వచ్చాయి. చెట్టు మీదున్నదాన్ని చూసి రెక్కలు ముడిచి దిగడం మొదలుపెట్టాయి. తాతయ్య దుప్పటి తీశారు.

వచ్చినవి పదకొండు. తిరిగి వెళ్ళినవి ఆరు. అంత ఏడుపులోనూ నేను లెక్కపెట్టాను.

"ఎందుకు చెప్పలేదు తాతయ్యా?" అని అడిగాను. ఆయన తుపాకీ పక్కన పెట్టి, నా కళ్ళలోకి చూడకుండా అన్నారు. "చెప్పి ఉంటే నువ్వంత సరిగ్గా రాసేదానివా, హనీ?"

ఇంటికి పరుగెత్తాను. నాన్నగారు ఉప్మా తింటున్నారు. నేను చెప్పేది సగంలో ఉండగానే, "తెలుసు తల్లీ. ఆయన ముందే నన్ను అడిగారు. కాకులు తోట సగం తినేస్తున్నాయి, పంట పోతే ఆ ముసలాయన బతికేదెలా? నీకు చెప్తే ఏడుస్తావని చెప్పలేదు," అన్నారు.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "మరి నాకెందుకు చెప్పలేదండీ? నా చేతి ముద్ద తిని వెళ్ళేవే అవి!"

నాన్నగారు ఉప్మా వంక చూస్తూ ఉండిపోయారు. ఆ రోజు నుంచి అమ్మ వరండాలో ముద్ద పెట్టలేదు.

వారం రోజులు నేను తాతయ్యకు కనపడలేదు. రోజూ పక్షుల్ని మాత్రం చూశాను. కాకులు ఎండిన చెట్టు వదిలేసి, తోటకు ఉత్తరాన ఉన్న పాత కొట్టం వైపు దిగుతున్నాయి. శుక్రవారం సాయంత్రం పుస్తకం తెరిచి, దక్షిణాన చెరువు దగ్గర దిగుతున్నాయని రాశాను. గంటలు, సంఖ్యలు, మొదటి కాకి వాలిన చెట్టు, అన్నీ కల్పించి రాశాను. నిజం రాసినప్పటికంటే ఆ పేజీలో దస్తూరీ ముచ్చటగా కుదిరింది. తీసుకెళ్ళి ఆయనకిచ్చాను. నాకు కోపం పోయిందనుకుని కాబోలు, ఆయన రెండు చేతులతో అందుకున్నారు. ఆ రోజు గంటలు రెండోసారి అడగలేదు.

శనివారం తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఆయన చెరువు దగ్గర ఒంటరిగా కూర్చున్నారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఉత్తరాన కాకులు హాయిగా పెకాన్లు తింటున్నాయి. మధ్యాహ్నం ఆయన మా వరండాలోకి వచ్చారు. చలికి చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఈరోజు లెక్క తప్పింది, హనీ."

"అవి మనసు మార్చుకుని ఉంటాయి," అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. తిట్టలేదు. నాన్నగారికి చెప్పలేదు. పుస్తకం మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మేం అక్కడున్న రెండేళ్ళూ మామూలుగా పలకరించుకున్నాం. కానీ నన్నాయన ఏదీ రాయమనలేదు, నేనాయన్ని తాతయ్యా అని పిలవలేదు.

అప్పటి నుంచి రోజూ డైరీ రాస్తూనే ఉన్నాను. ఉద్యోగంలో, కాన్పుల్లో, మా వారు పోయిన ఏడాదిలో కూడా ఒక్కరోజు మానలేదు. ఆ పక్షుల పుస్తకం మొదలు ఈ డైరీలన్నిటిలో తెలిసి రాసిన అబద్ధం ఆ ఒక్క పేజీయే. చింపలేదు. ఎవరినైనా చిన్న పని అడిగినా, అది ఎందుకో ముందు చెప్పి అప్పుడు అడుగుతాను. "అమ్మా, ఇంత ఎక్స్‌ప్లెయిన్ చేయాలా? జస్ట్ చెప్పు, చేసేస్తాం కదా," అని మా అమ్మాయి విసుక్కుంటుంది. విసుక్కోనీ.

తోట ఆయనకు బతుకు అని నాకు పదేళ్ళకే తెలుసు. ఆయనంటే నాకు ప్రాణం. కాకులంటే కూడా ప్రాణమే. మెట్ల మీద కూర్చుని, ఇందుకోసం కావాలి, రాసిస్తావా అని ఆయన నన్ను అడిగి ఉంటే, సరేననేదాన్నేమో, పుస్తకాన్ని ఇంట్లో దాచేసేదాన్నేమో. ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు. ఐదు కాకుల్ని చంపినందుకు ఆయన్ని ఎప్పుడో క్షమించాను. ఆ జవాబు నేను ఎప్పటికీ తెలుసుకోలేకుండా చేసినందుకు మాత్రం ఇంకా క్షమించలేదు.