గంట మాత్రం మిగిలిన రికార్డు

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. రేడియో ఇంజనీరింగులో డిప్లొమా చేసి పత్థర్‌గట్టిలోని ఒక రేడియో దుకాణంలో చేరాను. రేడియో మూలిగితే కండెన్సర్ పోయిందనీ, అందులో ఎవరో ఏడ్చినట్టుంటే రెండు స్టేషన్లు కలిశాయనీ జనానికి చెప్పేవాణ్ని. ఇప్పుడు రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. నా నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కిషన్‌బాగ్‌లో మా ఇంటిని ఆనుకొని ఒక చిన్న గుడి ఉంది. తాతల నాటి నుంచి అర్చకత్వం మాదే. పొద్దున హారతి ఇచ్చేటప్పుడు మా ఇంటి ఆడపిల్ల ఒక పాట పాడాలి. అది మా నాయనమ్మ కట్టిన పాట. ఎక్కడా అచ్చు కాలేదు. ఆమె నుంచి మేనత్తకు, మేనత్త నుంచి మా చెల్లె రంగకు వచ్చింది. నాయనమ్మా, మేనత్తా ఇప్పుడు లేరు. రంగ ఎడమచేత్తో ఇత్తడి గంట కొడుతూ పాడేది. మూడు నిమిషాల పది సెకన్లు. గడియారం పెట్టి చూశాను.

పందొమ్మిదో ఏట రంగకు క్షయ అని తేలింది. శానిటోరియంలో చేర్చమన్నారు. ఆ సాయంత్రం మా నాన్న, బాపు, ఒకటే అడిగాడు, రేపటి నుంచి హారతికి ఎవరు పాడతారని. నాకు కోపం వచ్చింది. ఆయన దుఃఖం ఆ దారిన బయటికి వచ్చిందని అప్పుడు తెలియలేదు.

రికార్డు చేద్దామన్నది నేనే. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను.

మా దుకాణం యజమాని సలీం భాయ్ దగ్గర రికార్డు కోసే యంత్రం ఉండేది. అల్యూమినియం పళ్లెం మీద మెత్తటి పూత ఉంటుంది. ఎదురుగా పాడుతుంటే సూది ఆ పూతలో గాడి కోస్తుంది. బజారులో అమ్మే రికార్డులాగా అది గట్టిది కాదు. వాయించినకొద్దీ అరుగుతుంది. రోజూ గుడిలో వేస్తామంటే సలీం భాయ్ నవ్వాడు.

"రికార్డు బేటా ఇది, పాన్‌దాన్ గాదు రోజు తెరవనీకి. ముప్పై నలభై సార్లు, గంతే. తర్వాత గొంతు బదులు ఇసుక వినవడ్తది."

బాపుకు చెప్పాను. ఒక్కరోజు కూడా సేవ తప్పొద్దన్నాడు.

మంటపంలో అమర్చినవి ఇవి: సూదిని మోసే బరువు తక్కువ పికప్, నీలం రాయి సూది, నేను కట్టిన నాలుగు వాల్వుల ఆంప్లిఫయర్, టేకు పెట్టెలో పది అంగుళాల స్పీకర్. అరుగుదల లెక్క చూడడానికి ఒక మీటరు కూడా కలిపాను. శబ్దం ఎంత పెద్దదైతే దాని ముల్లు అంత పైకి లేస్తుంది.

రంగ గంట కొడుతూ పాడితే రికార్డు కోశాం. ఆమె ప్రయాణమయ్యే ముందు ఒకసారి వేసి వినిపించాను. పాట అయిపోయేదాకా స్పీకర్ వైపే చూసింది.

"మంచిగున్నది అన్నా. ఇగ నేను లేకున్నా పని నడుస్తది. నన్నెందుకు వాపసు తెస్తరు?" అని నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది.

మొదటి రోజు గొంతు దగ్గర ముల్లు నలభై, గంట దగ్గర ముప్పై. ఇరవయ్యో రోజు గొంతు ముప్పై నాలుగు, గంట ముప్పై. నలభయ్యో రోజు గొంతు ఇరవై మూడు, గంట ముప్పై.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గాడి అరిగితే ముందు పోయేవి సన్నటి, పదునైన శబ్దాలు. అంటే గంట ముందు మొద్దుబారాలి, గరగర పెరగాలి, గొంతు చివరిదాకా నిలవాలి. ఇక్కడ గంట కొత్తగానే ఉంది. గరగర లేదు. గొంతు ఒక్కటే, మనిషి మైకు దగ్గర నుంచి వెనక్కి నడుస్తున్నట్టు, తగ్గుతూ పోయింది. సూది మార్చాను, వాల్వులు మార్చాను, మీటరును దుకాణంలో ఇంకో మీటరుతో సరిచూశాను. లోపం ఎక్కడా లేదు.

ఆ రోజే రంగను చూడడానికి వెళ్లాను. గొంతు బొంగురు పోయింది. రోగం గొంతులోకి కూడా దిగిందని డాక్టరు చెప్పాడు. ఎప్పటి నుంచని అడిగితే నెల దాటిందన్నాడు. తిరుగు బండిలో నోటుబుక్కు తీసి రెండు సంగతులూ పక్కపక్కన రాశాను. తర్వాత రెండో దాన్ని కొట్టేశాను. చదువుకున్నవాడు రాయాల్సిన మాట కాదనిపించింది.

అయినా మరునాడు రికార్డు నా ట్రంకులో దాచి, వాల్వు కాలిందని బాపుతో అబద్ధం చెప్పాను. మూడు రోజులు ఆయన పాట లేకుండానే హారతి ఇచ్చాడు. పాటకు పట్టేంత సేపు పళ్లెం పట్టుకొని అలాగే నిలబడేవాడు. కర్పూరం కొండెక్కినా చెయ్యి దించేవాడు కాదు. నాలుగో రోజు నా దగ్గరికి వచ్చాడు.

"వాల్వు కాలలేదని నాకు ఎర్కే. రంగ ఆడుండి గూడ ఈడ పాడుతున్నదనే బతుకుతున్నరా నేను."

రికార్డు వేసినకొద్దీ రంగ గొంతు పోతోందన్న నా అనుమానం ఆయనకు చెప్పలేకపోయాను. సలీం భాయ్‌కి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఒక నవాబు దేవిడీ నుంచి టేపు రికార్డరు ఒక పూటకు అడిగి తెచ్చాడు. నలభై ఒకటో సారి వాయిస్తూ టేపు మీదికి ఎక్కించాం. ముల్లు ఇరవై మూడు దగ్గరే ఉంది. రికార్డరు వాపసు ఇచ్చి, టేపు చుట్టను సలీం భాయ్ బీరువాలో పెట్టాం. ఇక రికార్డు అరిగినా గొంతు ఎక్కడికీ పోదనుకున్నాను. ఆ ధైర్యంతోనే మళ్లీ రోజూ వేశాను. రికార్డు చేద్దామనడం మొదటిదైతే, ఇది నేను చేసిన రెండో పని.

అరవై మూడో సారి గొంతు రావాల్సిన చోట ముల్లు లేవలేదు. గంట ముప్పై. బాపు హారతి పూర్తి చేసి, పళ్లెం కింద పెట్టి లోపలికి వెళ్లాడు. నాలుగు రోజులకు శానిటోరియం నుంచి ఉత్తరం వచ్చింది. రంగకు గొంతు పూర్తిగా పోయింది. గొంతు పోయిన రోజు, నా నోటుబుక్కులో ముల్లు లేవని రోజు ఒకటే.

సలీం భాయ్ రికార్డరు మళ్లీ తెచ్చాడు. చుట్ట బిగించి వేశాం. గంట వచ్చింది. గంటకూ గంటకూ మధ్య టేపు సన్నటి చప్పుడు తప్ప ఏమీ లేదు. సలీం భాయ్ మిషన్ బంద్ చేసి చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"గిది మన హునర్‌తోని, మన పనితనంతోని అయ్యేది గాదు బేటా. ఇగ ముట్టుకోకు," అన్నాడు.

పాట మాటలు పదకొండు పంక్తులు మా ఇంట్లో అందరికీ వచ్చు. ఎన్నో ఏళ్లు రోజూ విన్నాం. వరస మాత్రం బాపుకు గాని, అమ్మకు గాని, నాకు గాని నోటికి రావడం లేదు. ఒక్కొక్కరం వేరుగా కూర్చొని ప్రయత్నించాం. ఎక్కడ ఎత్తుకోవాలో కూడా తెలియదు.

ఏడాది తర్వాత రంగ ఇంటికి వచ్చింది. ఊపిరితిత్తులు కొంత నయమని, గొంతు ఇక రాదని పంపించారు. ఏం కావాలన్నా పలక మీద రాస్తుంది. వచ్చిన రెండో రోజే రికార్డు వెయ్యమని రాసింది. పాడైందన్నాను. మళ్లీ రాసింది. చివరికి వేశాను.

గంట మోగింది. రంగ కళ్లు మూసుకుంది. పెదవులు కదలడం మొదలైంది. ఒక్కో పంక్తి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, పదకొండూ పాడింది. ఏ చప్పుడూ లేదు. చివరి గంటతో పాటు పెదవులు ఆగాయి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని లోపలికి పోయింది. రంగ పలక తీసుకుంది.

"మంచిగనే వినవడుతున్నది గద. పాడైందని ఎందుకు చెప్పినవ్?"

నేను సూది ఎత్తి పక్కన పెట్టాను. ఆ రోజు నుంచి రోజూ ఆమె కోసం వేస్తున్నాను. ఆమె పెదవుల పక్కన మైకు పెట్టి మీటరు చూశాను. ఆమె వినేదేమిటో, అది రికార్డులో ఉంటే నాకెందుకు అందదో, లేకపోతే ఆ పెదవులు గంటతో సెకను కూడా తప్పకుండా ఎలా కలుస్తున్నాయో నా చదువుకు అందడం లేదు. నోటుబుక్కులో ఆ పేజీ ఖాళీగా ఉంది.

మొన్న శుక్రవారం పాట అయ్యాక రంగ పలక మీద రాసింది.

"ఇయ్యాల్ల జర చిన్నగ వినవడ్డది అన్నా. సూది మార్చు."

మార్చాను. మీటరు చూశాను. గంట ముప్పై. మరునాడు ఆమె స్పీకర్‌కు చెవి ఆనించి విన్నది, పాట అయ్యాక పలక చేతిలోకి తీసుకొని నా వైపు చూసింది. ఏమీ రాయకుండానే కింద పెట్టింది.