రెండు మంచాల పంచాయితీ

నడుము నొప్పి ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను. గద్వాల నుంచి పల్లెలకు పోయే బస్సుల్లో కండక్టరుగా చేరిన కొత్తలో సాయంత్రానికి పిక్కలు లాగేవి. పోను పోను ఆ లాగడం నడుముకెక్కింది. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమై జీరో టికెట్లు వచ్చాక బస్సులో కాలు పెట్టే చోటు కూడా కరువైంది. ఒక చేతిలో టికెట్ మిషను, ఇంకో చేత్తో పైకడ్డీ, సీటు అంచుకు నడుము ఆనించి ఒళ్ళంతా బిగబట్టుకుని నిలబడేదాన్ని. గట్టు ఊరికి పోయే రోడ్డు మీద డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా లోపల ఏదో నరం పుటుక్కుమన్నట్టుండేది.

ఉద్యోగం తెచ్చిన నొప్పి, ఉద్యోగంతోనే పోతుందిలే అనుకున్నాను. కానీ సెలవు రోజు కూడా పొద్దున మంచం దిగడం కష్టమైంది. పక్కకు ఒరిగి, మంచం కోడు పట్టుకుని, కాళ్ళు ఒకటొకటిగా కిందికి దించితే గాని లేవలేకపోయేదాన్ని. తోటి కండక్టరు ఒకామె చెబితే వనపర్తిలో ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను.

ఆయన నా నడుము వంచి చూసి, కాలు ఎత్తించి చూసి అడిగాడు. “నొప్పి పొద్దున ఎక్కువుంటదా, సాయంత్రమా?”

“పొద్దున్నే సార్. లేసి జర సేపు తిరిగితే తగ్గుతది.”

“దేని మీద పండుకుంటవమ్మా?”

“దూది పరుపు సార్. పెండ్లప్పటిది.”

“నడుమ గుంత పడ్డదా?”

నేను నవ్వాను. గుంత అంటే మామూలు గుంత కాదు, గేదెల కుడితి తొట్టిలా ఉంటుంది.

“ఆపరేషన్ ఏం అక్కర్లేదు. నేను చెప్పే వ్యాయామం రోజూ చెయ్యాలె. బరువులు వంగి లేపొద్దు. కొత్త పరుపు మందేం కాదు గాని, రాత్రంతా నడుము వంకరగ ఉంటే పగలు నువ్వు చేసిన వ్యాయామం నీళ్ళపాలే. మరీ గట్టిది వద్దు, మరీ మెత్తదీ వద్దు. నువ్వే పండుకుని చూసుకో.”

ఆ పరుపు మా అమ్మ ఇచ్చింది. మా పుట్టిల్లు గట్టు దగ్గర. విత్తన పత్తి వేస్తారు. మా చేలో పత్తినే ఏకించి నింపించి, ఎర్ర చారల గలేబు వేసి, నా పెళ్ళికి పంపించింది. మొదట్లో రెండేళ్ళకోసారి దూదేకే ఆయన వచ్చి విప్పి, ఏకి, మళ్ళీ కుట్టి పోయేవాడు. ఆయన రావడం మానేశాక దూది గడ్డలు కట్టి, మధ్యలో కుంగిపోయింది. పెళ్ళైన కొత్తలో ఇద్దరం ఆ గుంతలోకే జారి నవ్వుకునేవాళ్ళం. ఈ మధ్య మా ఆయన మంచం అవతలి అంచున గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. ఆయనకు బోరు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. పొద్దంతా రాగి తీగలు చుట్టి, వార్నిష్ వాసనతో ఇంటికి వస్తాడు. మాటలు తక్కువ మనిషి. పడుకున్నాక చెక్కలా కదలడు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత అందరు మగవాళ్ళూ ఇంతేనేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకున్నా అప్పుడప్పుడు గుండెలో కలుక్కుమనేది.

డాక్టరు మాట చెప్పగానే మా ఆయన ఫోనులో వెతికి, పరుపు మీద వేసుకునే పలచని లేటెక్స్ టాపర్ ఒకటి తెప్పించాడు. చాపలా చుట్టి వచ్చింది. విప్పగానే ఇల్లంతా కొత్త చెప్పుల దుకాణం వాసన. చేత్తో నొక్కితే హాయిగా ఉంది. దూది పరుపు మీద పరిచి పడుకున్నాను. తెల్లారేసరికి నొప్పి రెట్టింపైంది. కింది పరుపు ఎట్లా కుంగితే పైన టాపరూ అట్లాగే కుంగింది. గుంతకు మెత్తని పూత పూసినట్టయింది, అంతే. వాపసు ఇచ్చే గడువు ఉంది కాబట్టి మళ్ళీ చుట్టి పంపించేశాం.

“ఫోన్ల చూసి కొనేది కాదిది. దుకాణంకు పోదాం,” అన్నాడు మా ఆయన.

నా వారం సెలవు రోజున వనపర్తి పోయాం. పరుపుల దుకాణం నడిపేది నా వయసే ఉన్న ఒకావిడ. ముక్కగా కోసిన లేటెక్స్ తెచ్చి చేతిలో పెట్టింది. తేనెపట్టులా సన్నని రంధ్రాలు. గాలి ఆడడానికట.

“చెట్టు పాలతో చేసిన రబ్బరు అక్కా ఇది. కొన్నిట్ల పైన ఇంత మందమే లేటెక్స్ ఉంటది, కింద మొత్తం ఫోమే. యాడ కొన్నా లోపలేముందో అడుగు. సరే, పండుకో.”

“ఈడనా?”

“పండుకోకుంటె ఎట్ల తెలుస్తది?”

రోజూ వందల మంది మధ్య నిలబడే నాకు, ఆ దుకాణంలో పడుకోవడానికి చచ్చేంత సిగ్గేసింది. అద్దాల అవతల రోడ్డు మీద మనుషులు పోతున్నారు. నా అవస్థ చూసి ఆవిడ రెండు పరుపులు నిలువుగా లేపి అడ్డం పెట్టింది. చెప్పులు విడిచి, కొంగు బిగించి, శవంలా వెల్లకిలా పడుకున్నాను.

“ఇంట్ల గిట్లనే పండుకుంటవా?”

“లేదు, ఒరిగి పండుకుంట.”

“మరి ఒరుగు. ఇంట్ల ఎట్లుంటవో గట్లనే ఉండు. ఛాయ్ తాగినంత సేపు లేవకు.”

ఒరిగాను. గట్టి దాని మీద భుజం ఒత్తుకుంది. మెత్తని దాని మీద తుంటి దిగబడింది. మధ్యరకం దాని మీద భుజం కొంచెం లోపలికి పోయి, నడుము ఎవరో కింద చెయ్యి పెట్టి మోసినట్టు నిలబడింది. ఆవిడ మా ఆయనతో అంది, “అన్నా, నడుము కింద చెయ్యి పెట్టి చూడు. వట్టిగ సందు ఉండొద్దు, చెయ్యి అసలే దూరకుండ ఉండొద్దు.”

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నా నడుము కింద అరచెయ్యి జొనిపాడు. తీగలు చుట్టి చుట్టి కాయలు కాసిన చెయ్యి. మోటారు లోపల చుట్టు సరిగా ఉందో లేదో చూసేటంత శ్రద్ధగా, తల పక్కకు వంచి చూశాడు. ఆ చెయ్యి నా ఒంటి మీద పడి ఎన్నాళ్ళయిందో అనిపించి, పరుపు సంగతి కాసేపు మరిచిపోయాను.

“ఇది మంచిగున్నది,” అన్నాడు.

తర్వాత ఆయన పడుకున్నాడు. ఆయన బరువైన మనిషి, వెల్లకిలా పడుకునే అలవాటు. నాకు హాయిగా ఉన్నది ఆయనకు ఊబిలా ఉంది. ఆయనకు బాగున్న కొబ్బరిపీచు పరుపు నాకు బండలా ఉంది. ఇద్దరికీ కుదిరేది ఒక్కటీ దొరకలేదు.

“మీరిద్దరు ఒక్కతీరు మనుషులు కారు, ఒక్క పరుపు ఎట్ల కుదురుతది? రెండు సింగిళ్ళు తీసుకోర్రి,” అంది ఆవిడ.

అట్లాగే తీసుకున్నాం. నాకు లేటెక్స్, ఆయనకు పీచుది. పాత మంచం చెక్కలు మధ్యలో కుంగినవే కాబట్టి రెండు ఒంటి మంచాలు వేయించుకున్నాం. నా పరుపు మందం, ఆయనది పలచన. పక్కపక్కన వేస్తే మెట్టులా ఎత్తుపల్లం. మధ్యలో స్టూలు వేసి, నీళ్ళ చెంబు పెట్టుకుని ఎడంగా వేసుకున్నాం. ఆ ఏర్పాటులో మాకు వింతేమీ కనబడలేదు.

అమ్మకు కనబడింది. ఆమె గట్టులో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఒక రోజు నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. ఇంటి తాళం ఒకటి పక్కింట్లో ఉంటుంది. నేను ఇల్లు చేరేసరికి నా పరుపును పక్కింటివాళ్ళ సాయంతో డాబా మీద మండుటెండలో ఆరేసి ఉంచింది.

“అమ్మా! ఇది ఎండల వెయ్యొద్దే. ఎండకు రబ్బరు పెళుసై పొడిపొడి అయితది!”

“ఎండల వెయ్యొద్దా? ఎండ తగలని పరుపు ఏం పరుపే?” అని, నాతో పాటు ఒక కొస పట్టుకుని కిందికి దించింది. చాలా బరువు. దించాక ఆయాసపడుతూ రెండు మంచాలనూ, మధ్య స్టూలునూ చూసింది. దూది పరుపు ఏదని అడిగింది. అటక మీద ఉందని చెప్పాను. ఆమె అన్నం సగం తిని, చివరి బస్సుకు వెళ్ళిపోయింది. దూది పరుపు తీసేశామని అలిగింది అనుకున్నాను.

ఆదివారం పొద్దున అమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట మా మేనమామ. ఆయన ఖిల్లా ఘణపూర్‌లో ఉంటాడు. చుట్టాల్లో ఎవరి మధ్య మాట పడ్డా ఆయన్నే పిలుస్తారు. తెల్ల తువ్వాలు భుజాన వేసుకుని, అరటిపండ్ల సంచి నా చేతికిచ్చి, కుర్చీలో నిండుగా కూర్చున్నాడు. మా ఆయన్ను ఎదురుగా కూర్చోమన్నాడు.

“చూడు నాయినా. ఆలుమగలన్నంక మాట మాట అనుకుంటరు. అంతమాత్రాన మంచాలు ఏరుచేసుకుంటరా? తప్పు మా పిల్లదైతె చెప్పు, నేను మందలిస్త.”

నాకు ముందు అర్థం కాలేదు. అయ్యాక నవ్వు ఆగలేదు. “మామా, ఏందిది? నడుము నొప్పి ఉండె. డాక్టరు చెప్పిండు...”

“నువ్వు ఊకో బిడ్డా,” అంది అమ్మ. ఆమె కళ్ళనిండా నీళ్ళు. “నా దగ్గర దాస్తున్నవు. నడుము నొప్పి ఎవరికి లేదు? ఏ డాక్టరన్న మొగున్ని ఏరుగ పండుకోమంటడా?”

నా నవ్వు ఆగిపోయింది. నిజంగానే ఆమె ఈ వారమంతా నిద్ర పోయినట్టు లేదు. ఏం చెప్పినా దాస్తున్నట్టే వినబడుతుంది ఆమెకు. మా ఆయన వైపు చూశాను. ఆయన ఇట్లాంటి చోట ఎప్పుడూ నోరు విప్పడు. నేల చూస్తూ, వేళ్ళకు అంటిన వార్నిష్ గోక్కుంటూ మెల్లగా మొదలుపెట్టాడు.

“కోపం ఏం లేదు చిన్నాయినా. ఆ పాత పరుపు మీద నేను జర కదిలితె చాలు, ఆమె గుంతల పడుతుండె. నిద్రలనే పండ్లు కొరుకుతుండె నొప్పికి. లేపితె నిద్ర పాడైతది, మళ్ళ పొద్దున్నే డ్యూటీ. అందుకె గోడ దిక్కు తిరిగి, మంచం పట్టె పట్టుకోని పంటుంటి, కదలకుండ. నాకూ భుజం పట్టేసింది. ఇప్పుడు ఆమె ఆమె పరుపు మీద, నేను నా పరుపు మీద. ఇద్దరం నిద్రపోతున్నం. గంతే.”

నేను పాలు పొయ్యి మీద ఉన్నాయని వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. చెక్కలా పడుకుంటాడని నేను నొచ్చుకున్న రాత్రులన్నీ ఆయన మంచం పట్టె పట్టుకుని వేలాడుతున్నాడు. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఒకే మంచం మీద, ఒకే నొప్పికి అటొకరు ఇటొకరు కాపలా ఉన్నాం. కొళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను.

తిరిగి వచ్చేసరికి మామ నా మంచం మీద కూర్చుని పరుపు నొక్కి చూస్తున్నాడు. “ఇది పైకి లేస్తున్నదే! మంచిగున్నది. మా దిక్కు దొరుకుతదా?” అని పంచాయితీ మరిచిపోయి అడుగుతున్నాడు. మా ఆయన దుకాణం గుర్తులు చెబుతున్నాడు.

అమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. “మీరు మంచిగున్నరు, సరే. ఇంటికొచ్చి చూసినోల్లకు ఇదంత చెప్పుకుంట కూసుంటరా? మంచాలు దగ్గర జరపుర్రి.”

ఆ మధ్యాహ్నమే మా ఆయన దుకాణం నుంచి చెక్క దిమ్మెలు తెచ్చి తన మంచం కోళ్ళ కింద పెట్టాడు. ఎత్తు సరిపోయింది. రెండు మంచాలూ కలిపితే మధ్యలో సన్నని గీత మాత్రం మిగిలింది. స్టూలు కిటికీ దగ్గరికి పోయింది.

భోజనాలయ్యాక మామ కుర్చీలోనే కునుకు తీశాడు. నేను అమ్మ పక్కన కూర్చుని, “నడుము నొప్పి ఎవరికి లేదు అన్నవు కదా, నీకున్నదా?” అని అడిగాను. ముందు లేదంది. ఇంకోసారి అడిగితే చెప్పింది. విత్తనం కోసం పత్తి పూలకు పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసే కాలమంతా పొద్దున్నుంచి చేలో వంగి వంగి, ఇప్పుడు కూర్చుంటే లేవలేకపోతోందట. తమ్ముడికి, మరదలికి చెబితే పరేషాన్ అవుతారని చెప్పలేదట. మా ఇంట్లో ఈ నొప్పి దాచుకునే జబ్బు అల్లుడికి కూడా అంటిందేమో అనుకున్నాను.

ఆమెను వనపర్తి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఆమెకు పరుపు మార్చమని చెప్పలేదు. ఎముకలకు మందు రాశాడు, పీట మీద కూర్చోవడం మానమన్నాడు, కొన్ని వ్యాయామాలు నేర్పించాడు. నేను లేటెక్స్ కొనిస్తానంటే వద్దంది. “నాకు కింద బొంతనే మంచిగుంటది. లేసేతందుకు ఒక మంచం ఇప్పియ్యి చాలు,” అంది. నాకు కుదిరింది ఆమెకూ కుదరాలని ఏమీ లేదు గనక బలవంతం చెయ్యలేదు. నులకది కాకుండా చెక్క మంచం ఒకటి, ఆమె కాళ్ళు నేలకు ఆనే ఎత్తులో చేయించాం.

నా నొప్పి పూర్తిగా పోలేదు. డబుల్ డ్యూటీ పడ్డ మర్నాడు వస్తూనే ఉంటుంది. కాని మంచం కోడు పట్టుకోకుండా లేస్తున్నాను. ఎక్కడ నొస్తోందో మా ఆయనకు చెబుతున్నాను. ఆయన భుజం సంగతి నేను అడుగుతున్నాను. అమ్మ మాత్రం నేను డ్యూటీకి బయలుదేరే వేళకు ఫోను చేస్తుంది. తాను వ్యాయామం చేశానని చెప్పి, “నువ్వు చేసినవా?” అని నిలదీస్తుంది. చెయ్యని రోజు అబద్ధమాడితే గొంతును బట్టి కనిపెట్టేస్తుంది. అప్పుడు ఫోను స్పీకర్లో పెట్టి, యూనిఫాం మీదనే చాప పరుచుకుని పడుకుంటాను. అవతల గట్టు నుంచి ఆమె లెక్క పెడుతుంది.