అరచేతుల్లో నోళ్లు

మా నగరిలో మరమగ్గాలున్న ఇళ్లలో మాటలన్నీ చేతులతోనే. మగ్గాలు ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. గుప్పిడి నోటి దగ్గరకు తెస్తే ‘తిన్నావా’, రెండు వేళ్లు విడదీస్తే ‘పోగు తెగింది’, నుదుట బొట్టు పెట్టినట్టు చూపిస్తే ‘అమ్మను పిలువు’. నేను నడక కంటే ముందు ఇవే నేర్చానని అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

మగ్గాలు పాత ఇనుము కింద వెళ్లిపోయాక ఇల్లు సద్దుమణిగింది. నాయనకు మా మాటలు వినపడటం లేదని అప్పుడు బయటపడింది. కానీ చెవుడు అన్న మాట ఆయన ముందు ఎవరూ ఎత్తలేదు. ఆయన ‘ఆఁ, ఆఁ’ అని తలూపేవాడు, మేం విన్నాడనే నమ్మినట్టు ఉండేవాళ్లం. ఎవరైనా గట్టిగా అరిస్తే మాత్రం ఆయనకు ముక్కు మీద కోపం. అది నాకూ వచ్చింది లెండి.

నేను బొమ్మలు వేస్తాను. నూలు చుట్టే కండెల్లోంచి మొలిచే చెట్లు, నీళ్లలో ఈదే చీరలు, అలాంటివి. లేనివి భలే ఊహించావని అందరూ మెచ్చుకుంటారు. నిజానికి నేను ఉన్నవాటినే వేస్తాను, కాస్త పక్కకు జరిపి. ఈమధ్య ఒక పెద్ద బొమ్మ వేశాను. లుంగీ కట్టుకున్న మనిషి, పెదాలు బిగించి ఉంటాడు, రెండు అరచేతుల్లో రెండు నోళ్లు. మొహం నాయనదే.

తిరుపతిలో దాన్ని ప్రదర్శనకు పెడితే, నాయనను బస్సెక్కించి తీసుకొస్తానంది అమ్మ. కన్నకూతురే నన్ను దయ్యాన్ని చేసి గోడకు తగిలించిందని ఆయన అనుకుంటే? నాయన ఒకసారి మొహం తిప్పుకున్నాడంటే మళ్లీ ఇటు తిప్పడం ఏడుకొండలవాడి తరం కూడా కాదు. బొమ్మ దించేద్దామనుకున్నాను. మొండితనం అడ్డొచ్చి దించలేదు.

వాళ్లు వచ్చేసరికి కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన బొమ్మ ముందు నిలబడి ఉన్నాడు.

“లోకంలో ఎక్కడా లేని ఊహమ్మా. ఏ కలలో చూశారు?” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నగరికి రండి చూపిస్తానని అనబోతుంటే నాయన వచ్చి బొమ్మకు ఎదురుగా నిలబడ్డాడు.

అమ్మ నా చెయ్యి గిల్లి, “ఏం మే, మీ నాయనను ఇట్ల గీసినావా? ఇంగ సూడు ఏమంటాడో” అని గొణిగింది.

నాయన చాలాసేపు చూశాడు. తన అరచెయ్యి తెరిచి చూసుకుని, మళ్లీ బొమ్మలో చేతిని చూశాడు. తర్వాత హాలంతా వినపడేంత గట్టిగా అన్నాడు.

“సేతులు సరిగ్గానే ఉండాయి మ్మా. ఆ సెవులెందుకు పెట్టినావు? అయ్యి అబద్దం గదా.”

అరచేతుల్లో నోళ్లు మొలిపించినదాన్ని, చెవుల దగ్గరకొచ్చేసరికి జంకాను. ఆ రెండూ మాత్రం అచ్చం మనిషి చెవుల్లా పొందిగ్గా వేశాను. ఏడుపొచ్చింది. చెయ్యెత్తి గాల్లో తుడిచినట్టు చూపించి, చెరిపేయనా అని అడిగాను. ఆయన గుప్పిడి నోటి దగ్గరకు తెచ్చాడు. ముందు తిన్నావా అని.

బొమ్మ ఇంటికొచ్చాక ఆయన ముందే చెవుల మీద రంగు పూశాను. నాయన స్టూలు జరుపుకుని పక్కనే కూర్చున్నాడు. ఎడమ చెవి కొస ఇంకా కొంచెం మిగిలిందని వేలితో చూపించాడు.