పెద్దాయన నోరు కట్టేసింది నేనే

ఆరేళ్లుగా ఒక బరువు లోపల మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. సీరియల్ యూనిట్‌లో ఎవరికీ చెప్పలేదు. ఈ పత్రిక చదివే మీకు నా పేరు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను కర్ణాటకలో, రాయచూరులో ఉండి హైదరాబాదు సీరియళ్లకు మాటలు రాస్తాను. నన్ను ఎవరేమన్నా మరిచిపోను. ఏడో తరగతిలో నా చేతిరాత చూసి నవ్విన సారు ఆరోజు ఏ చొక్కా వేసుకున్నాడో ఇప్పటికీ చెప్పగలను. దీన్ని నా గుణం అనుకునేవాణ్ణి.

అప్పుడు రాస్తున్న సీరియల్‌లో నాన్న వేషం ఒక పెద్దాయనది. నాటకాల్లో పండిన గొంతు. మా జిల్లావాడే. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి సింధనూరు దగ్గర కాలువ కింద క్యాంపులో స్థిరపడ్డారు; అలా వలస వచ్చిన రైతుల ఊళ్లను మా వైపు క్యాంపులనే అంటారు. నేను సెట్‌కు వెళ్లిన మొదటి రోజు, నా కాగితం చదువుతూ మధ్యలో ఆగి, "ఇది తెలుగేనాండీ? రాయచూరోళ్లకి ఏ భాషా పూర్తిగా రాదు" అన్నాడు. అందరూ నవ్వారు. లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా. బయటివాడు అంటే పోనీలే అనుకునేవాణ్ణేమో. ఈయన మా జిల్లావాడు.

తర్వాత కథలో నాన్నకు పక్షవాతం రావాలని, పది ఎపిసోడ్లకు కోలుకోవాలని చానెల్‌వాళ్లు చెప్పారు. రావడం రాశాను. కోలుకోవడం రాయలేదు. జనం ఏడుస్తున్నారు, ఇంకొన్నాళ్లు ఉండనివ్వండని నేనే వాళ్లను ఒప్పించాను. నాలుగు నెలలు ఆయన మంచం మీద పడుకుని కళ్లు మాత్రం తిప్పాడు. కూతురి పెళ్లి ఎపిసోడ్లు దగ్గరపడ్డాక, ఇక మాట్లాడించవచ్చు, మీ ఇష్టం అని చానెల్ నుంచి నాకు కబురొచ్చింది. మూడో రోజే పెద్దాయన హైదరాబాదు వెళ్తూ మా ఇంటికి వచ్చాడు.

"పెళ్లి సీన్లో ఒక్క మాటండీ. 'సుఖంగా ఉండు తల్లీ' అని. అంతే."

"నా చేతుల ఏముంది పెద్దాయనా? చానెలోళ్లు ఒప్పుకుంటలేరు."

"మా క్యాంపు చుట్టుపక్కల ఊళ్లల్లో నాకు నిజంగానే నోరు పడిపోయిందనుకుంటున్నారండీ. మా మనవరాలైతే ఫోన్‌లో, తాతా, టీవీలో మాట్లాడు అని ఒకటే ఏడుపు."

"గిట్ల అడిగితే ఎట్ల? కథ నా ఒక్కనిది కాదు గద."

ఆయన నవ్వాడు. "పోనీ, గురకన్నా పెట్టనివ్వండి. ఊరికే పడుకోబెడితే నిజంగా నిద్ర పట్టేస్తోంది. కెమెరా ఆయన తిడుతున్నాడు."

టీ తాగాడు. బాగుందమ్మా అని నా భార్యకు చెప్పి స్టేషన్‌కు నడిచి వెళ్లాడు. చానెల్ పంపిన కబురు నా జేబులో ఫోన్‌లోనే ఉంది. నాకు సంతోషంగా ఉండింది. అవును, సంతోషంగానే. దాన్ని ఇంకో పేరుతో పిలవాలని చాలా ఏళ్లు చూశాను, కుదరలేదు.

ఇంతటితో ఆగినా సరిపోయేది. పెళ్లి జరిగింది, ఆయన మూగగానే చూశాడు, సీరియల్ అయిపోయింది. కొన్నాళ్లకు ఇంకో సీరియల్ మేనేజర్ ఫోన్ చేశాడు. తాత వేషం ఉంది, నిండా మాటలే, కానీ ఆ పెద్దాయనకు నిజంగానే మాట పడిపోయిందంటున్నారు, మీకు తెలుసు కదా అని అడిగాడు. నాకు తెలుసు. మా ఇంట్లో కూర్చుని మాట్లాడిన మనిషి. "ఏమో, మీరే కనుక్కోండి" అన్నాను.

ఎవరు కనుక్కుంటారు? వేషం ఇంకొకరికి పోయింది. ఆ తర్వాత ఆయనకు వచ్చినవి రెండే, రెండూ మంచం వేషాలు. వద్దని క్యాంపుకు వెళ్లిపోయాడని విన్నాను. మళ్లీ తెర మీద కనబడలేదు.

నన్ను అంత మంది ముందు అలా అనడం తప్పే. ఇప్పటికీ అదే అంటాను. కానీ నవ్వులో పోయిన ఒక మాటకు, ఒక మనిషి బతుకుదెరువును నేను మూసేశాను. అది అవసరమా? ఆయన ఆరోజు అలా అనకపోయినా, ఇంకేదో పట్టుకుని ఇదే చేసి ఉండేవాణ్ణా? తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆయన ఇది చదివితే గురక మాట దగ్గరే నన్ను గుర్తుపడతాడు. పట్టనీ. వచ్చి మా వీధంతా వినేలా తిట్టినా సరే, ఎందుకు తిడుతున్నాడో పక్కవాళ్లకు నేనే చెబుతాను. ఇది మడిచి పత్రికకు పోస్టులో వేసి, వచ్చి నా భార్యను కూర్చోబెట్టి చెబుతాను.